కరెంటు పోయినా ఆగని వైఫై

మొక్కజొన్న చేను పక్కన పశువుల పాక. పాకలో ఎవరి సెల్‌ఫోన్ వాళ్లకుంది. ఎదురుగా పాలకేంద్రం వైఫై ఉంది, దానికి పాస్‌వర్డ్ లేదు. ఒకసారి కలిపితే చాలు, ఆ పేరు కనపడగానే ఫోను తనంతట తనే అతుక్కుపోయేది. అంత సుఖంగా ఉంటే అనుమానం ఎవరికొస్తుంది?

కోడిపెట్ట చుక్కమ్మ తన గుడ్లు దాచిన చోటు కాపలా కుక్క భైరవుడికి మాత్రమే మెసేజి పెట్టింది. "అన్నా, గడ్డివాము వెనక గంపలో ఉన్నాయి. అటో కన్నేసి ఉంచు."

తెల్లారేసరికి గంపలో పెంకులే మిగిలాయి. చుక్కమ్మ ఏడ్చి ఏడ్చి, తిన్నగా కుక్క దగ్గరికెళ్లింది.

"నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు."

"అంటే నేనే తిన్నానంటావా చెల్లెమ్మా?"

"తినకపోతే ఎవరికో చెప్పుంటావు."

భైరవుడు మొహం తిప్పుకున్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

చుక్కమ్మ మళ్లీ గుడ్లు పెట్టింది. వీటిని ఎవరి కాపలాలో ఉంచాలో తోచలేదు. ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది.

"పాలకేంద్రంలో అన్నీ ఆగిపోయాయే!" అంది గేదె.

చుక్కమ్మ ఫోను చూసుకుంది. పాలకేంద్రం పేరుతో సిగ్నల్ నిండుగా ఉంది. కరెంటు లేకుండా ఎలా వస్తోంది? ఫోను పట్టుకుని నడిచింది. పాలకేంద్రం వైపు వెళ్తే సిగ్నల్ తగ్గింది, చేను వైపు వెళ్తే పెరిగింది. చేలో బ్యాటరీతో నడిచే వైఫై పెట్టె. పక్కనే నక్క జిత్తులయ్య, గేదె పంపిన మెసేజి చదువుకుంటూ నవ్వుతున్నాడు. పెట్టెకి పాలకేంద్రం పేరే పెట్టి, అందరి మెసేజీలూ దాని గుండా పోయేట్టు చేశాడు, దొంగ వెధవ!

చుక్కమ్మ చప్పుడు చెయ్యకుండా వెనక్కొచ్చి, కుక్క ముందు తల దించుకుంది.

"అన్నా, తప్పయిపోయింది. అనవసరంగా నిన్నన్నాను."

"అది తర్వాత. ముందు వాడి సంగతి చూద్దాం."

ఇద్దరూ చెవులు కొరుక్కున్నారు. తర్వాత చుక్కమ్మ అదే వైఫైలో మెసేజి పెట్టింది. "అన్నా, నువ్వు సంతకెళ్లి వచ్చేదాకా గుడ్లు ధాన్యం గాదె కింద దాస్తున్నా."

కాసేపటికే జిత్తులయ్య లొట్టలేసుకుంటూ వచ్చి గాదె కింద తల దూర్చాడు. లోపల భైరవుడు పళ్లు బయటపెట్టాడు.

"నువ్వు... నువ్వు సంతలో ఉండాలిగా!"

"ఆ మాట నీకెవరు చెప్పార్రా?"

జిత్తులయ్య ఎలాగో పీక్కుని పారిపోయాడు గానీ చెవి ముక్క భైరవుడి నోట్లోనే ఉండిపోయింది. గేదె పెట్టెను తొక్కి పారేసింది. పాకలో అందరూ ఫోన్లలోంచి ఆ పేరు తీసేశారు.

తెలిసిన పేరే కదా అని ఫోను కలిపేయకండి, ఆ పేరు ఎవరు పెట్టుకున్నారో చూసుకోండి.