నీలవేణి బృందమూ, దాచిన దూడా

అనగనగనగా, జంతువులకు పనికన్నా పాట మీద మోజు ఎక్కువైన కాలంలో ఒక అడవి ఉండేది. ఆ అడవిలో ఎవరి నోట విన్నా ఒకటే పేరు: నీలవేణి బృందం!

బృందమంటే ముగ్గురే. బెకబెకమనే కప్ప, గుడ్డు పెడితే తప్ప గొంతు విప్పని కోడి, బుడ్డమ్మ అనే గేదె. ఒక్కరికీ పాట రాదు. వీళ్లను పోగుచేసిన నక్క మాత్రం ఆరితేరిన ఘటం. కప్పకు గొడుగు పట్టించింది, కోడికి గజ్జెలు కట్టింది. బుడ్డమ్మ కొమ్ములకు రంగు పూసి, 'పదహారేళ్ల కన్నె నీలవేణి' అని చాటింపు వేయించింది. అడవికి వెర్రెత్తిపోయింది. కుందేళ్లు సైతం నెత్తిన పుల్లలు కట్టుకుని, కొమ్ములొచ్చాయని మురిసిపోయాయి.

చిక్కల్లా ఒక్కటే. బుడ్డమ్మకు పాలు తాగే దూడ ఉంది.

"నీకు బిడ్డ ఉందని తెలిస్తే అభిమానుల గుండెలు పగిలిపోతాయే! పేరూ పోతుంది, కూడూ పోతుంది" అని బెదిరించింది నక్క. బుడ్డమ్మ మెత్తనిది. సరేనంది.

మొదటి కచేరీలో దూడ అరిస్తే, నక్క దాని నోట్లో గడ్డి కుక్కింది. రెండో కచేరీకి వాగు అవతల కట్టేసింది. మూడోది సింహరాజు కొలువులో. ఈసారి దూడను కొండ గుహలో పెట్టి బండ అడ్డం వేసింది. బుడ్డమ్మ పొదుగు సలిపింది. అంతకన్నా మనసు సలిపింది.

కప్ప బెకబెకమంది. కోడి గుడ్డు పెట్టి కేరింది. సభ ఈలలేసింది. నీలవేణి నోరు తెరవబోయేంతలో కొండ వైపు నుంచి సన్నగా దూడ అరుపు వినిపించింది. అంతే, బుడ్డమ్మకు చేపు వచ్చి, వేదిక మీదే పాలు జలజలా కారాయి.

"ఇదొక కొత్త నాట్యం ప్రభూ!" అంది నక్క.

"కాదు ప్రభూ. నేను కన్నెనూ కాను, నీలవేణినీ కాను. నా బిడ్డ ఆకలికి ఏడుస్తోంది. పేరు పోతే పోనీ" అంటూ బుడ్డమ్మ పరుగు తీసింది.

కొమ్ములతో బండను నెట్టేసరికి రంగంతా రాలిపోయింది. దూడ పొదుగులో మూతి పెట్టాక గానీ ఆ తల్లికి ప్రాణం కుదుటపడలేదు. రాజుతో సహా సభంతా వెనకే వచ్చింది.

"చూశావా, అందరి గుండెలూ పగిలాయి!" అంది నక్క.

ఎప్పుడూ ముందు వరుసలో కూర్చునే ముసలి ఏనుగు కళ్లు తుడుచుకుంది. "నా గుండెకేం, గుండ్రాయిలా ఉంది. దూడ పేరేమిటమ్మా?"

బుడ్డమ్మ బావురుమంది. "నోరారా పిలవనిస్తేగా తాతా! పేరే పెట్టలేదు."

సింహరాజు అక్కడికక్కడే దూడకు నీలవేణి అని పేరు పెట్టాడు. మరుసటి కచేరీలో అది తల్లి పక్కన నిలబడి, అందరికన్నా ఘోరంగా పాడింది. చప్పట్లతో కొండ మార్మోగింది. దూడకు గడ్డి మోసే పని నక్కకు అప్పగించారు.

అయినవాళ్లను దాచిపెడితే గానీ నిలవని పేరు మనకొద్దు. నిజం తెలిశాక కూడా పక్కన నిలిచేవాళ్లే మనవాళ్లు.