ఎదుటి చాప

మా చర్చి పాస్టరు ఏబెల్ అయ్యగారిని ప్రశ్న అడిగితే జవాబు వెంటనే రాదు. "ఆదివారం రా, చూద్దాం" అంటారు. ఆయన దగ్గర పరిచర్య నేర్చుకుంటున్న జెకర్యాకి ఈ అలవాటు బాగా తెలుసు. అయినా ఒక బుధవారం ప్రార్థన కూటం అయ్యాక ఉండబట్టలేక అడిగేశాడు.

"అయ్యగారూ, మా కెజియాని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నాను గదా. లెక్కలు, తెలుగు, బైబిలు వాక్యం, అన్నీ నేనే చెబుతున్నాను. ఇప్పుడు సండే స్కూలుకి వెళ్తానని ఒకటే ఏడుపు. నేను నేర్పలేనిది అక్కడేముందండీ, చెడ్డ మాటలు తప్ప?"

కెజియా అతని పదేళ్ల కూతురు. మీరు ఏం చెబితే అదే చేస్తానని కూడా అన్నాడు. అంటే, ఆ పిల్లకి తోటివాళ్లు ఉంటారా ఉండరా అన్నది ఇక అయ్యగారి మాట మీదే ఉంది. ఆయన యథాప్రకారం, "ఆదివారం పిల్లని తీసుకురా, చూద్దాం" అన్నారు.

పిల్లల పాటలకి తబలా వాయించేది నేనే కాబట్టి ఆ తర్వాత జరిగింది కళ్లారా చూశాను. మా సండే స్కూలు పిల్లలేమీ దేవదూతలు కారు. ప్రార్థనలో ఎవరెవరు కళ్లు తెరిచారో, ఆమేన్ అనగానే పేర్లతో సహా చెప్పేస్తారు. నీకెలా తెలిసిందని మాత్రం అడగకూడదు. ఈ మూకలో ఆ పిల్ల ఎలా ఇముడుతుందా అని నాకూ కుతూహలంగానే ఉంది.

మా దగ్గర పిల్లలు రెండు చాపల మీద ఎదురెదురుగా కూర్చుంటారు. ఈ చాపలో ఒకరు బైబిల్లోంచి ఒక వచనం చదివితే, తర్వాతి వచనం ఆ చాపలో ఒకరు అందుకోవాలి. కెజియా వంతు వచ్చింది. కంచుగంటలాంటి గొంతు. తన వచనం చదివింది కానీ ఆగలేదు. తర్వాతిది, ఆ తర్వాతిది, అలా నాలుగు చదివేసింది. పాపం, ఇంట్లో మొదటినుంచి చివరిదాకా చదివేది తనొక్కతే. అవతలివాళ్ల కోసం ఆగాలని దానికెలా తెలుస్తుంది?

"అక్కా, అది నాది!" అని ఎదుటి చాపలోంచి ఏడేళ్ల సలోమి అరిచింది. పిల్లలందరూ పకపకా నవ్వారు. కెజియా ముఖం కందిపోయింది.

చదవడం సాగింది. మళ్లీ తన వంతు వచ్చేసరికి కెజియాకి నోట మాట రాలేదు. కళ్లనిండా నీళ్లు, ఇక అక్షరాలేం కనిపిస్తాయి? గుమ్మంలో నిలబడ్డ జెకర్యా మాట అందించబోయాడు. అయ్యగారు చెయ్యెత్తి ఆపారు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకు ఆయన మీద కోపమే వచ్చింది.

అప్పుడు ఆ సలోమే మోకాళ్ల మీద ముందుకు జరిగి, కెజియా వచనంలోని మొదటి మాట చెప్పింది. గుసగుసలాడాననుకుంది గానీ రోడ్డు మీదికి వినపడి ఉంటుంది. పక్కనున్న పిల్ల రెండో మాట చెప్పింది. మూడో మాటకల్లా రెండు చాపలూ కలిశాయి. కెజియా ముక్కు ఎగబీల్చి, వాళ్లతో గొంతు కలిపి వచనం పూర్తి చేసింది. ఈసారి ఆగింది. తర్వాత ఎవరు అందుకుంటారా అని ఎదుటి చాప వైపు చూసింది.

అంతా అయ్యాక ఆ పిల్ల తండ్రి దగ్గరికి రాలేదు. సలోమి పక్కన ఇరుక్కుని కూర్చుని ఏవో కబుర్లు మొదలుపెట్టింది. జెకర్యా చిన్నబోయాడు.

"ఇంట్లో ఒక్కసారి కూడా ఇలా ఆగిపోలేదు అయ్యగారూ" అన్నాడు.

అయ్యగారు కళ్లద్దాలు తుడుచుకుంటూ ఆ పిల్లల వైపే చూశారు.

"అందుకే కాబోలు నాయనా, తనకి ఇంతమంది ఉన్నారని ఇవాళ్టిదాకా దానికి తెలియలేదు" అన్నారు.