పదహారు మూలలు

చిదంబరం గురువుగారి దగ్గరికి ఒకే ఒక్క కోరికతో వచ్చాడు. పొడవు, వెడల్పు, ఎత్తు కాక నాలుగో దిక్కు ఒకటుంటే దాన్ని చూడాలి.

అతను అంతకుముందు లెక్కల మాస్టారు. కాబట్టి లెక్క వరకూ ఇబ్బంది లేదు. గీతకు రెండు కొసలు. చదరానికి నాలుగు మూలలు. పెట్టెకు ఎనిమిది. ఆ పైదానికి పదహారు ఉండి తీరాలి.

"పదహారూ లెక్కపెట్టగలను గురువుగారూ. ఒక్కటీ కనిపించదు," అనేవాడు.

మనసు పూర్తిగా నిలిస్తే కనిపిస్తుందని అతని నమ్మకం. మూడేళ్ళుగా నిలపడానికి చూస్తున్నాడు.

గురువు రుద్రయాచారి వడ్రంగి. గోదావరి ఒడ్డున ఆయన పని చేసుకునే పాకే ఆశ్రమం. తెల్లవారాక కాసేపు వేదాంతం, ఆ తరవాత రంపకోత. శిష్యులు ఇద్దరే. రెండోవాడు కోటిలింగం. యాభై దాటిన మనిషి, చదువు లేదు. పదేళ్ళు గురువుగారితో రంపం లాగి, ఈ ఏడాది వంటలోకి మారాడు.

తన మనసు నిలవకపోవడానికి కారణం కోటిలింగమేనని చిదంబరం తేల్చుకున్నాడు.

ఒక రోజు భోజనాల దగ్గర చిదంబరం పంటి కింద రాయి పడింది. తీసి విస్తరి అంచున పెట్టాడు. కాసేపటికి ఇంకోటి. అన్నం ముగిసేసరికి ఐదు రాళ్ళు, ఒకే వరసలో, అందరికీ కనిపించేలా.

కోటిలింగం మజ్జిగ పోయడానికి వచ్చి వంగి, ముఖం విస్తరి దాకా తెచ్చాడు.

"ఏంటి మాస్టారూ అవి? మెతుకులు వదిలేశారా?"

గురువుగారు నవ్వారు. చిదంబరం నవ్వలేదు.

మర్నాడు చిదంబరం వాకిట్లో ఇసుక పరిచి, పెట్టెలో పెట్టె గీసి, మూలకు మూల కలిపి, పదహారు మూలల బొమ్మ వేయడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు పొద్దున కోటిలింగం రెండు బిందెల నీళ్ళు మోసుకుంటూ దాని మీదుగా నడిచి వెళ్ళాడు.

"కోటిలింగం!" అని అరిచాడు చిదంబరం.

కోటిలింగం బొమ్మ మధ్యలోనే ఆగి, ఇటు తిరిగాడు.

"ఏం మాస్టారూ? ఇక్కడేమన్నా ఆరబోశారా?"

చిదంబరం తిన్నగా గురువుగారి దగ్గరికి వెళ్ళాడు. ఈసారి వేళ్ళు మడిచి చెప్పాడు.

"రెండేళ్ళ కిందటి దాకా దుంగ మీద నిలబడి, కోత గీత చూసుకుంటూ రంపం నడిపేవాడు. కష్టమని దుంగ కింది గోతిలోకి దిగి రంపం రెండో కొస పట్టాడు. కింద చల్లగా ఉంటుంది మాస్టారూ అన్నాడు నాతో. అదీ బరువై వంటలో చేరాడు. అక్కడ బియ్యంలో రాళ్ళు. ఎదురుపడితే పలకరించడు. సాయంత్రం దీపానికి ముఖం ఆనించి కూర్చుని అందరి వెలుతురూ తనే తాగుతాడు. ఇవాళ నా బొమ్మ తొక్కేశాడు, పైగా వేళాకోళం. అతనన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి."

"చూద్దాం," అన్నారు గురువుగారు. ఆయనకు ఆ రోజు తలుపుల పని తొందరగా ఉంది.

తడిక అవతల, చేటలో బియ్యం ఏరుతున్న చప్పుడు ఆగింది.

తెల్లవారేసరికి కోటిలింగం లేడు. గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి.

కోటిలింగం వంటలోకి మారాక పాత పలకలతోనే నెట్టుకొచ్చారు; తలుపుల పనికి అవీ అయిపోయి, ఇక గోతిలోకి చిదంబరం దిగాల్సి వచ్చింది. గోతి మీద పొడుగ్గా దుంగ, దాని మీద గురువుగారు, కింద చిదంబరం. పైనుంచి రంపపు పొట్టు ముఖం నిండా రాలేది. కళ్ళు మూసుకుని లాగడం తప్ప మరో దారి లేదు. కింద చల్లగా ఏమీ లేదు.

పదో రోజుకు ఏడు పలకలు దిగాయి. చిదంబరం వాటిని బయటికి మోసి ఒక్కొక్కటే గోడకు ఆనించాడు.

"వాటిలో ఏం కనిపిస్తోంది?" అని అడిగారు గురువుగారు.

"మచ్చలండి. మొదటి పలకలో కోడిగుడ్డంత. తరవాతి దాంట్లో కాస్త చిన్నది, కాస్త కిందికి. ఆఖరు పలకలో చింతగింజంత. మొత్తం ఏడు."

"కోసిన వరసలో ఒకదాని మీద ఒకటి పేర్చి తాడు కట్టు."

చిదంబరం పేర్చాడు. తాడు బిగించి, ఏ పలకలో మచ్చ ఎక్కడుందో గుర్తు చేసుకుంటూ అంచుల మీదుగా వేలు ఏటవాలుగా జరిపాడు. ఉన్నట్టుండి అతని ముఖం వెలిగింది.

"ఏడు మచ్చలు కావు గురువుగారూ! ఒకటే కొమ్మ. దుంగ లోపలి నుంచి ఏటవాలుగా బయటికి వచ్చింది. పలక మీద బతికే పురుగుకు ఒక్క మచ్చే తెలుస్తుంది. అలాగే మనమూ... మనం చూసేదీ ఒక్కో పలకే!"

మూడేళ్ళలో అతను అంత సంతోషంగా ఎప్పుడూ లేడు.

సరిగ్గా అప్పుడే పడవ నడిపే నూకాలు వాకిట్లోకి వచ్చింది. చేతిలో కర్ర.

"ఆచారిగారండీ, మీ కోటిలింగంగారి కర్రండి. పడవలో వదిలేసి పోయారు. ఇటు రావడానికి నాకు ఇన్నాళ్ళూ వీలు పడలేదండి."

"నీ పడవే ఎక్కాడా?"

"ఆయ్. మోకాటి లోతు నీళ్ళల్లో నిలబడి, రేవు ఎటమ్మా అనడిగారండి. నాతో ఎకసెక్కాలా బాబాయ్ అన్నాను. ఆయనా నవ్వేశారు. అవతల గట్టు మీదికి నేనే చెయ్యి పట్టుకుని ఎక్కించానండి. పట్టుకున్న చెయ్యి చాలాసేపు వదల్లేదు. ఎటెళ్తారు అంటే, మనవాళ్ళున్నార్లే అన్నారు."

గురువుగారు కర్ర తీసుకుని మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నారు.

"చిదంబరం, ఆ రోజు వేళ్ళు మడిచి చెప్పావే. మళ్ళీ చెప్పు. అదే వరసలో."

చిదంబరం మొదలుపెట్టాడు.

"గీత చూసే పని మాని గోతిలోకి దిగాడు... బియ్యంలో రాళ్ళు... ఎదురుపడినా పలకరించడు... దీపానికి ముఖం..."

అక్కడ ఆగిపోయాడు. తాడు కట్టిన పలకల వైపు చూశాడు. మడిచిన వేళ్ళు విప్పి తన కళ్ళ మీద పెట్టుకున్నాడు.

"వాడు గోతిలోకి దిగితే నేను పైకెక్కాను," అన్నారు గురువుగారు. "బద్ధకం పుట్టిందిరా నీకు అని నవ్వాను కూడా. ఏడాదికి పైగా వాడి నెత్తి మీదే నిలబడి గీత చూసుకున్నాను."

చిదంబరం కర్ర అడిగి తీసుకుని, నూకాలు వెంట రేవుకు పరిగెత్తాడు. అవతలి గట్టు దగ్గర మూడు దారులు చీలుతున్నాయి. మూడింటిలోనూ పొద్దుగుంకే దాకా తిరిగాడు. అలాంటి మనిషిని చూశామన్నవాళ్ళు లేరు. ఆ తరవాత నాలుగు రోజులూ వెళ్ళాడు. ఐదో రోజు కర్ర తెచ్చి పాక మూల నిలబెట్టాడు.

అప్పటి దాకా వంట గురువుగారే చేశారు. మర్నాడు పొద్దున చిదంబరం అడగకుండానే చేట ముందు కూర్చున్నాడు. బియ్యం పోసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, వేళ్ళతో వెతకడం మొదలుపెట్టాడు. గింజకూ రాయికీ తేడా వేళ్ళకు అంత సులభంగా అందలేదు. ఎండ వాకిలి సగం దాటే దాకా ఏరాడు.

మధ్యాహ్నం ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. గురువుగారి దవడ కింద కరకరమంది. ఆయన దేన్నీ తీసి పక్కన పెట్టలేదు. మళ్ళీ కరకరమంది. మళ్ళీ. చిదంబరం తల వంచుకుని తన విస్తరిలోని రాళ్ళూ అలాగే మింగాడు. ఇరవై దాకా లెక్కపెట్టి, ఆపైన మానేశాడు.

"కళ్ళు మూసుకుని ఏరావా?" అన్నారు గురువుగారు.

"అవునండి."

ఆయన అన్నం ముగించి విస్తరి మడిచారు.

"వాడు ఐదే వదిలాడు."