చారుమతి వెల్లకిల ఈత

కాకినాడలో చారుమతి అనే పదమూడేళ్ళ అమ్మాయి ఉండేది. ఈతలో అచ్చం చేపపిల్లే గానీ, ఎవరేం చెప్పినా సగం మాటే వినేది. మిగతా సగం నీళ్ళలో దిగాక తెలుస్తుందిలే అనుకునేది. ఈత నేర్పే కోదండం మాస్టారు ఒక మాట పూర్తిచేసేలోపు ఈ పిల్ల ఈతకొలను మధ్యలో ఉండేది. ఆమె వెల్లకిలా ఈదుతుంటే మాత్రం చూసేవాళ్ళకు రెండు కళ్ళూ చాలేవి కావు.

ఆ రోజు జిల్లా పోటీలు. నలుగురు అమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరు ఈదే రిలే పందెం పదింటికి. మొదట చారుమతి వెల్లకిలా ఈదాలి. అందరికన్నా చివర నస్రీన్ ఈదాలి. నస్రీన్ అంటే చారుమతికి ప్రాణం. మూడేళ్ళుగా కప్పు వాళ్ళ బడికి అందినట్టే అంది జారిపోతోంది. ఈసారి వదిలేది లేదని నలుగురూ చేతులు కలిపి ఒట్టు పెట్టుకున్నారు.

పందానికి ముందు ఒళ్ళు వేడెక్కేందుకు కాసేపు ఈదమన్నారు. తాళ్ళు కట్టి విడదీసిన ఒక్కో దారిలో పదేసి మంది. కోదండం మాస్టారు ఈల ఊది గట్టిగా చెప్పారు.

"రోడ్డు మీద వెళ్ళినట్టే ఎడమ పక్కనే వెళ్ళాలి, ఎడమ పక్కనే రావాలి. వెల్లకిలా ఈదేవాళ్ళు మాత్రం..."

అంతే, చారుమతి గోడను తన్ని బయలుదేరింది. "కుడిచేతి వైపు తాడు దగ్గరుండాలి! వెల్లకిలా పడుకుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి!" అన్న మిగతా సగం నీళ్ళ చప్పుడులో కలిసిపోయింది.

పైన నీలాకాశం, చెవుల నిండా నీళ్ళు. ఎడమచేతి వైపు తాడు పక్కనే చారుమతి బాణంలా దూసుకుపోతోంది. ఎంత హుషారో! అదే తాడు పక్కన ఎదురుగా నస్రీన్ తల దించుకుని అంతే వేగంగా వస్తోంది. ఇద్దరికీ ఒకరికొకరు కనబడలేదు. ఠప్పుమని తలా తలా గుద్దుకున్నాయి.

చారుమతికి బొప్పి కట్టింది. నస్రీన్ తాడు పట్టుకుని కళ్ళు మూసుకుంది. మాస్టారు అప్పటికే పేర్లు రాయించడానికి పోటీ జరిపేవాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళారు.

"మాస్టారికి చెప్పకే. తలకు దెబ్బ తగిలిందంటే ఇవాళంతా నీళ్ళలో దిగనివ్వరు. కప్పు పోతుంది" అంది నస్రీన్.

"సరేలే, చెప్పను" అంది చారుమతి.

ఇద్దరూ వెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు.

"మన పందెం ఎన్నింటికే?" అని అడిగింది నస్రీన్.

"పదింటికి."

కాసేపటికి మళ్ళీ అదే మాట అడిగింది. చారుమతి విసుక్కుని మళ్ళీ చెప్పింది. ఇంతలో మైకులో వాళ్ళ బడి పేరు పిలిచారు. చారుమతి టోపీ లాక్కుంటూ లేచింది. వెనక నుంచి నస్రీన్ ఏదో గొణుగుతోంది. ఎందుకో చారుమతి ఆగి, ఈసారి చివరిదాకా విన్నది.

"పందెం ఎన్నింటికే? అసలు నేను ఎన్నోదాన్ని?"

మూడేళ్ళుగా చివర ఈదే పిల్ల అడిగిన ప్రశ్న అది! తోటివాళ్ళిద్దరూ "రా, రా!" అని అరుస్తున్నారు. కప్పు బల్ల మీద తళతళా మెరుస్తోంది. చారుమతి అటు వెళ్ళలేదు. మాస్టారి దగ్గరికి పరిగెత్తింది.

"మాస్టారూ, నస్రీన్ తలకు దెబ్బ తగిలింది. గుద్దింది నేనే. మీకు చెప్పకుండా దాచాం!"

మాస్టారు ఒక్క ఉదుటున వచ్చారు. నస్రీన్‌ను కదలనివ్వలేదు. "మెడ నొప్పిగా ఉందామ్మా? వాంతి వచ్చేలా ఉందా?" అని అడిగారు. తువ్వాల్లో ఐసుముక్కలు చుట్టి ఇద్దరి దెబ్బల మీదా పెట్టించారు. కారు పిలిపించారు. "నేను ఈదుతాను మాస్టారూ" అని నస్రీన్ ఏడ్చింది. "ముందు నువ్వు, తర్వాత కప్పు" అన్నారాయన.

కప్పు వేరే బడికి పోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇద్దరినీ పరీక్ష చేసి, చారుమతికి ఏమీ కాలేదంది. నస్రీన్ గురించి మాత్రం, "దెబ్బకు మెదడు అదిరింది. విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. ఇలాగే నీళ్ళలో దిగి ఉంటే..." అని ఆగిపోయింది. ఆ మాటలో మిగతా సగం ఆమె చెప్పకపోయినా చారుమతికి వినబడింది. వెక్కి వెక్కి ఏడ్చింది.

నెల తర్వాత డాక్టరమ్మ సరేనన్నాక నస్రీన్ మళ్ళీ కొలనుకు వచ్చింది. మాస్టారు ఎప్పటిలాగే ఈల ఊది, ఎవరు ఏ పక్కన వెళ్ళాలో చెప్పారు. అందరూ దూకారు గానీ చారుమతి గట్టు మీదే నిలబడింది.

"ఇంకేమైనా చెప్పాలా మాస్టారూ?"

"అయిపోయిందమ్మా తల్లీ, ఇక దూకు!" అని ఆయన పకపకా నవ్వారు.

నీతి: చెప్పే మాట చివరిదాకా వినాలి, తగిలిన దెబ్బ దాచకుండా చెప్పాలి, చేజారిన కప్పును వచ్చే ఏడాది గెలుచుకోవచ్చు గానీ, పోయిన ప్రాణాన్ని తెచ్చుకోలేం.