కొండచెరువుకు ప్రాయశ్చిత్తం

ఒకానొక కొండల రాజ్యంలో విజయకేసరి అనే రాజు ఉండేవాడు. ఆయనకు తన కిరీటం కంటే ఊరికి నీళ్ళిచ్చే కొండచెరువంటేనే ఎక్కువ గర్వం. అడుగున ఉన్న గులకరాళ్ళు కూడా పైకి కనిపిస్తాయని వచ్చిన అతిథికల్లా చెప్పేవాడు. చివరికి, ఆ నీళ్ళను వడకట్టడమంటే చెరువును అవమానించడమేనని, అలా చేసినవాళ్ళు రాజ్యం విడిచిపోవాలని చాటింపు వేయించాడు.

ఆ కొలువులో గురవన్న అనే చమత్కారి ఉన్నాడు. అతని భార్య అక్కమ్మ బిందె మూతికి గుడ్డ కట్టనిదే నీళ్ళు పోసే మనిషి కాదు. చాటింపు విని కూడా మానలేదు. భటులు చూడనే చూశారు. మర్నాడు సభ ముగిసేలోగా ఇద్దరూ ఊరు దాటాలని తీర్పయింది.

ఈ వయసులో మూట నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోవాలా అని గురవన్న లోలోపల బెంగపడ్డాడు. మొహం మాత్రం వినయంగా పెట్టాడు. తప్పు ఒప్పుకుని, పోయేముందు చెరువుకు ప్రాయశ్చిత్తం చేసుకోనివ్వమన్నాడు. ప్రభువుల తెల్లపట్టు ఉత్తరీయాన్ని మడతలు పెట్టి గంగాళం మీద బిగించి, పొద్దుగూకేదాకా చెరువు నీళ్ళు పోయిస్తాడట. అంత పవిత్రమైన ఉత్తరీయాన్ని ప్రభువులు నిండుసభలో ధరిస్తే చెరువు మహిమ లోకానికి తెలుస్తుందట. రాజు ఉబ్బిపోయి సరేనన్నాడు.

మర్నాడు సభలోకి వెండిపళ్ళెం వచ్చింది. రాజు భుజం ముందుకు చాచి, పళ్ళెంలోకి చూసి, గబుక్కున వెనక్కి లాక్కున్నాడు. పట్టు మీద పచ్చటి జిగురు, అందులో సన్నటి ఎర్రపురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"ఏమిటిది గురవన్నా?"

"చెరువులో లేనిది ఒక్కటీ లేదు ప్రభూ. పోసింది మీ భటులే."

"దీన్ని నేను భుజాన వేసుకోవాలా?"

"భుజానికి సంకోచం దేనికి ప్రభూ? కడుపు ఇన్నాళ్ళూ కిమ్మనకుండా పుచ్చుకుంటూనే ఉందిగా."

రాజు తన పక్కనున్న బంగారు గిన్నెలోని నీళ్ళను అనుమానంగా చూసి, మెల్లగా దూరం జరిపాడు. తరవాత గొంతు సవరించుకుని, అక్కమ్మగారింటి నుంచి ఒక చెంబు నీళ్ళు తెప్పించమన్నాడు. తాగి, రుచిలో తేడా ఏమీ లేదే అన్నాడు.

"తేడా నీళ్ళలో కనపడదు ప్రభూ, గుడ్డ మీద కనపడుతుంది."

రాజు కడుపుబ్బ నవ్వాడు. తీర్పు రద్దు చేసి, చెరువు నుంచి ఊరికి వచ్చే కాలువ మొదట్లో ఇసుకా గులకరాళ్ళూ పరిచిన వడపోత తొట్టి కట్టమని, ఆ ఇసుకను తరచూ కడగమని ఆజ్ఞాపించాడు. గురవన్నకు జరీ అంచు ఉత్తరీయం కప్పించాడు.

ఇంట్లో అక్కమ్మ ఆ ఉత్తరీయాన్ని వెలుగుకు ఎత్తి పట్టి, నేతలోంచి అవతలికి చూసి పెదవి విరిచింది.

"మరీ పలచనండీ, నీళ్ళకు పనికిరాదు. ఒక నూలుపంచె అడగలేకపోయారూ?"