చెవి డాక్టరు చెవిలో గులిమి

కిరీటి చేయి మహా చురుకు. చెవి, ముక్కు, గొంతు వార్డులో అతనంత వేగంగా కత్తి పట్టేవాళ్లు లేరని అందరూ అనేవారు. అందరికన్నా ముందు అతనే అనేవాడు.

అలాంటివాడికి మల్లేశ్వరి అనే ఏడేళ్ల పిల్ల మెడ కొరకరాని కొయ్య అయింది. దవడ కింద గడ్డ. కోసి చీము తీస్తాడు, మానుతుంది, మళ్లీ లేస్తుంది.

"మళ్లా లేసింది గదా సారూ!" అంది తల్లి.

సిగ్గు చంపుకుని గురువు సుగుణమణిగారి దగ్గరకు తీసుకెళ్లాడు. ఆవిడ గడ్డ వంక చూడనే లేదు. పిల్ల చెవిలోకి లైటు వేసి, "ఇప్పుడు గడ్డ మీద మెల్లిగా నొక్కు" అన్నారు. కిరీటి నొక్కాడు. చెవి లోపల చీము బొట్టు తేలింది.

"పుట్టుకతో వచ్చిన దారి నాయనా, మెడ నుంచి చెవిదాకా. నువ్వు వాకిలి ఊడుస్తున్నావు, చెత్త నట్టింట్లో ఉంది."

కిరీటి ముఖం వెలిగింది. ఇంత అరుదైన కేసు!

"రేపే మొత్తం తీసేస్తాను మేడం. దాని పక్కనే ముఖాన్ని కదిపే నరం ఉంటుంది, తెగితే మూతి వంకరపోతుంది. అదంతా నాకు నోటికొచ్చు."

"సరే. ముందు ఆ పిల్లని నవ్వించి రా. అప్పుడే కత్తి ఇస్తాను."

ఇదేం పరీక్షరా దేవుడా అనుకున్నాడు. ఎప్పుడూ కత్తితో వచ్చే మనిషిని చూసి పిల్ల ఎందుకు నవ్వుతుంది? చాక్లెట్ ఇచ్చాడు. తీసుకుని మూతి ముడుచుకుంది. కోతిలా గంతేశాడు. పక్క మంచాలవాళ్లు నవ్వారు గానీ ఆ పిల్ల నవ్వలేదు. చివరికి లైటు ఆ పిల్ల చేతికిచ్చి, నేల మీద కూలబడి చెవి చూపించాడు.

"నాకేం జబ్బో నువ్వే చూడు తల్లీ."

మల్లేశ్వరి తొంగి చూసింది.

"గులిమి! చెవి డాక్టరు చెవి నిండా గులిమే!"

పకపకా నవ్వింది. కళ్లు మూసుకుపోయాయి, బుగ్గలు రెండూ పైకి లేచాయి. తనూ నవ్వబోయిన కిరీటి ఆ ముఖం చూస్తూ ఆగిపోయాడు. నరం తెగితే పోయేది ఇదా అని గుండె ఝల్లుమంది.

మర్నాడు అతని చేయి మొదటిసారి నిదానించింది. ముందు నరాన్ని వెతికి పట్టుకుని, దాన్ని కాచుకుంటూ ఆ దారిని మొదలంటా తీశాడు. భోజనాల వేళ దాటిపోయింది. ఎదురుగా నిలబడ్డ సుగుణమణిగారు తొందర పెట్టలేదు.

పిల్లకి తెలివొచ్చింది. కిరీటి వంగి తన చెవి చూపించాడు.

"ఇంకా ఉంది సారూ!" అని మల్లేశ్వరి నవ్వింది. రెండు బుగ్గలూ లేచాయి.

అతని కళ్లు చెమర్చాయి. సుగుణమణిగారు వెనకనుంచి భుజం తట్టారు.

"ఇక కడిగించుకో నాయనా."