ఎర్ర గుడ్డ కట్టిన పుల్లలు

ఎండాకాలం గోదావరి సన్నబడి, నడుమ ఒక ఇసుక తిప్ప బయటపడింది. రోజూ పొద్దున్నే అక్కడికి వచ్చి నీళ్లలో పడుకునే ముసలి గేదెకు తొందరంటే ఏమిటో తెలియదు. ఒకటి చూసిందంటే దాన్ని బాగా నెమరు వేశాకే మరొకటి చూస్తుంది.

ఆ రోజు అది తీతువు పిట్టను చూసింది. పిట్ట నీటి అంచుకు వచ్చి పొట్ట ఈకలు తడుపుకుంటోంది, పొడుగు కాళ్లతో పరుగెత్తి వెళ్లి వట్టి ఇసుక మీద కూర్చుంటోంది. కాసేపటికి మళ్లీ వస్తోంది.

"ఏమే కోడలా, పొద్దుటి నుంచి ఎన్ని స్నానాలు?" అంది గేదె.

"స్నానం కాదత్తా. ఇసుక కాలిపోతోంది. గుడ్లు ఉడికిపోకుండా తడి మోస్తున్నాను."

"గుడ్లా? ఎక్కడ?"

"నీ ముక్కు ముందే."

గేదె తల వంచి చూసింది. ఇసుక, గులకరాళ్లు. పిట్ట ముక్కుతో చూపిస్తే, అందులో నాలుగు రాళ్లు నాలుగు గుడ్లయ్యాయి. రెప్ప వేసి చూస్తే మళ్లీ రాళ్లే. గేదె నెమరు ఆగిపోయింది. ఇన్నేళ్లుగా ఎన్ని ప్రాణాల పక్కనుంచి నడిచానో అనుకుంటే, దానికి కాలు కదపడానికే భయమేసింది.

"ఇంత చక్కగా దాచుకుని, ఆ దిగులు మొహం దేనికే?"

"ఆ పుల్ల చూడత్తా." గుడ్ల పక్కన ఎర్ర గుడ్డ కట్టిన పుల్ల ఉంది. "పిట్టల సంగతులు రాసుకునే అమ్మాయి గూటికొకటి పాతి వెళ్లింది. మంచి పిల్లే. కానీ నక్క బావ ఆ గుర్తులు కనిపెట్టాడు. మూడు గూళ్లు ఖాళీ చేశాడు. ఇవాళ నా వంతు."

గేదె ఆలోచించింది. తర్వాత పుల్లను పళ్లతో పీకి, తాను దూడగా ఉన్నప్పటి నుంచీ తప్పించుకు తిరిగే ఊబి దగ్గరికి వెళ్లింది. గట్టి నేల మీదే నిలబడి, మెడ చాచి, ఆ బురదలో గుచ్చింది.

ఎండ తగ్గాక నక్క వచ్చింది. "ఏం గేదెత్తా, పిట్టలకు కాపలా చేరావా?"

"నా కళ్లకు పిట్ట గుడ్లే ఆనవు నాయనా, కాపలా ఏం కాస్తాను?"

"నాకూ ఆనవులే. చదువుకున్నవాళ్లు గుర్తులు పెట్టి పోతుంటే మనకెందుకు కళ్ల నొప్పి?"

అంటూ ఎర్ర గుడ్డ కేసి చూస్తూ నడిచింది. దాని కాలు గుడ్లకు జానెడు దూరంలో పడింది. నక్క కిందికి చూడనే లేదు. నాలుగడుగులు వేసి, అయిదో అడుగుకు పొట్టదాకా దిగబడింది.

"అత్తా, లాగవా?"

"ఎందుకు లాగను? ఈ నెమరు పూర్తి కానీ."

నెమరు పూర్తయ్యేసరికి బురద నక్క మెడకొచ్చింది. అప్పుడు గేదె వెనక్కి తిరిగి తోక అందించింది.

మర్నాడు అమ్మాయి పడవ దిగి, పుల్ల నుంచి పుల్లకు పోయిన నక్క అడుగులు చూసింది. ఊబిలో నిలబడ్డ పుల్ల చూసి చాలాసేపు అక్కడే కూర్చుంది. లేచి పుల్లలన్నీ పీకి, గూళ్ల దగ్గర ఒక్కటీ లేకుండా, తిప్ప చుట్టూ అంచున పాతింది.

పదిరోజులకు గేదె చూస్తుండగా నాలుగు రాళ్లు లేచి నడిచాయి. తల్లి ఒక్క కూత వేస్తే మళ్లీ రాళ్లయ్యాయి. అప్పుడే వచ్చిన నక్క, వాటి మధ్యలోంచే నడిచి వెళ్లి, అంచున ఉన్న పుల్లలు ఒక్కొక్కటీ వాసన చూసుకుంటూ తిప్ప చుట్టూ తిరిగి, ఆకలితో ఇంటికి పోయింది.

నీతి: ఇతరులు పెట్టిన గుర్తునే చూసి నడిచేవాడికి తన కాలి పక్కన ఉన్నది కనబడదు.